పెద్దలకు పెట్టిన పుస్తకం

జోగమ్మక్కా,

మన కోయ మాటల పుస్తకం అచ్చయి వచ్చేసింది! సిరా వాసన పోకముందే కాపీలు సంచిలో వేసుకుని, ఖమ్మంలో మొదటి బస్సెక్కి మీ ఊరికి పరుగెత్తాను. ముప్పై ఏళ్లు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను, పుస్తకాలూ చాలానే రాశాను. ఇంత తొందర ఎన్నడూ పడలేదు.

అందరికీ పంచాను. ఒక్కరైనా తెరిస్తేనా! ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. ఇప్పపూలు ఏరుతూ నువ్వు చెప్పిన మాటలన్నీ తప్పుగా రాశానేమో అనుకున్నాను.

"ఏందమ్మా, ఒక్క పేజీ అన్నా చూడరా?" అని నీ కూతురు లక్ష్మిని అడిగాను.

"గట్లెట్ల చూస్తం సారూ? కొత్త పంట ముందుగాల పెద్దలకు పెట్టాలె గదా. మా అమ్మకు పెట్టకుండ తెరుస్తమా?" అంది.

ఆ ఆచారం నువ్వు చెబితే నేనే రాశాను, ఆ పుస్తకంలోనే ఉంది. అయినా నా బుర్రకు తట్టలేదు చూడు!

నీ పేరిట నిలబెట్టిన రాయి ముందు ఆకు పరిచి మొదటి కాపీ పెట్టారు. ఆ తర్వాత లక్ష్మి తనది తెరిచి గట్టిగా చదివింది. ఇక చూడాలి గోల! "ఈ మాట మా దిక్కు గిట్ల అనం సారూ!" అని ముసలివాళ్లంతా నాతో జగడం. సాయంత్రానికి వాళ్లు చెప్పిన మాటలతో నా నోటుబుక్కు నిండిపోయింది.

బయలుదేరుతూ, మంచుకు తడుస్తుందని ఆకు మీది కాపీ తీయబోయాను. చదువు రాని నీకు పుస్తకమెందుకని నేనెప్పుడూ అనలేదు, నువ్వే అనేదానివి. లక్ష్మి నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ సారూ. అమ్మ చదువుకుంటది."

మీ సారు