ఎమ్మెట్ తెచ్చిన రాయి

స్కూల్ కౌన్సిలర్ ప్రూయిట్ మేడమ్‌కి,

మన స్టేట్ యూనివర్సిటీలో సీటు కోసం నేను రాసిన వ్యాసాన్ని మీరు మూడోసారి తిప్పి పంపారు. నా తమ్ముడు ఎమ్మెట్ వాగులో మునిగి చనిపోయిన సంగతి రాసిన చోట ఎర్ర ఇంకుతో "ఇక్కడ కన్నీళ్లు చాలవు" అని రాశారు. ఎవరికి చాలవు మేడమ్?

"బంగారంలాంటి కథ పెట్టుకుని దాస్తావేంటే పిచ్చిపిల్లా! చదివినవాళ్లు ఏడవాలి, సీటివ్వాలి" అని మీరన్నప్పుడే లేచి వెళ్లిపోవాల్సింది. పక్కనున్న అమ్మ మొహం చూసి ఊరుకున్నాను.

నేను అప్లై చేసిన రెండోది, స్కాట్లాండ్ యూనివర్సిటీ వాళ్లు నా కష్టాల జోలికి రాలేదు. భూగర్భశాస్త్రమే ఎందుకు చదవాలనుకుంటున్నావని అడిగారు, అంతే. "రాళ్ల కోసం సముద్రం దాటాలా? మన కెంటకీలో లేవా?" అని మీరు నవ్వారు. ఉన్నాయి. వెళ్లాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు. అమ్మని ఒక్కదాన్నీ వదిలి నాలుగేళ్లు ఉండటం మాటలు కాదు. కానీ ఆ వ్యాసం మాత్రం ఎక్కడికీ పంపను. ఇక్కడ సీటు రాకపోతే పోనీ. మీరు నా మార్కులు రెండు చోట్లకీ పంపండి, చాలు.

స్కాట్లాండ్‌కి ఒక రాయి గురించి రాశాను. దాని మీద కోట్ల ఏళ్లనాటి ఆకు అచ్చు ఉంది. నేను దాచుకున్న మొదటి రాయి అదే. ఆ వాగులోంచే ఎమ్మెట్ తెచ్చిచ్చాడు. ఎవరూ అడక్కుండానే వాడి పేరు రాశాను.

దాన్ని మీరు దిద్దక్కర్లేదు.