దానమ్మకు రావలసిన మెయిల్

ఆగస్టు 3, సోమవారం. ఆత్మకూరు

మా ఉదయగిరి క్లినిక్‌కు ఇవాళా లైన్ అందలేదు. మోడెం ఈల వేస్తుంది, గొంతు సవరించుకుంటుంది, తెగిపోతుంది. ఈ మిషన్ ఆస్పత్రికి మెయిల్ సర్వర్ పెట్టాలన్నది సూపరింటెండెంటు గారి సరదా. ఫిజిక్స్ చదివినవారు గదా అని నా నెత్తిన పడింది. ఫిజిక్స్‌కూ దీనికీ ఏం సంబంధమో ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం ఉదయగిరి నుంచి నర్సు ఎస్తేరు ఫోన్. "అక్కా, దానమ్మ రిపోర్టు వచ్చిందా? రొమ్ము గడ్డలో ముక్క తీసి మద్రాసు పంపినాం గదా. మెయిల్లోనే పంపతామన్నారు. ఆమె వరికుంటపాడు నుంచి బస్సెక్కి వస్తానే ఉండాది. ఏం చెప్పేది?"

ఎస్తేరు మెయిల్ పెట్టె తెరిచి చూశాను. ఖాళీ.

"ఇంకా రాలేదమ్మా."

ఆగస్టు 5, బుధవారం

ఖాళీ.

ఆగస్టు 7, శుక్రవారం

తప్పు అక్కడి కంప్యూటర్‌లో ఉందేమోనని స్వయంగా వెళ్ళాను. దుత్తలూరు దాటాక కొండ కనిపించింది, మబ్బు కప్పుకొని. మెయిల్ ప్రోగ్రాం తీసేసి మళ్ళీ ఎక్కించాను. నా నుంచి ఎస్తేరుకు ఒకటి, ఎస్తేరు నుంచి నాకు ఒకటి — రెండూ చేరాయి. అంతా బాగానే ఉంది. బాగానే ఉండడమే భయంగా ఉంది.

వరండాలో దానమ్మ. మొదటిసారి చూడడం. నా ఈడే ఉంటుంది. "నువ్వేనా కంప్యూటరమ్మ? నా జాబు దాంట్లోనే ఇరుక్కునిందంట గదా. మా గేదె ఈనేలోపల వస్తాదా?"

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఇన్నాళ్ళు రాలేదంటే ఏం లేనట్టే గదమ్మా?"

నేను తల ఊపానా? ఊపాననే అనుమానం.

ఆగస్టు 10, సోమవారం

రాయలేకపోతున్నాను. అయినా రాస్తాను.

మద్రాసు ల్యాబ్‌కు ఎస్టీడీ చేశాను. "జూలైలోనే పంపాం మేడం. మీ లెటర్‌హెడ్ మీద ఉన్న అడ్రసుకు."

లెటర్‌హెడ్ మీద... అంటే ఆస్పత్రి పేరుతో ఉన్న అడ్రసు. ఎస్తేరుది కాదు.

సర్వర్ లాగ్, అంటే వచ్చిన మెయిళ్ళ చిట్టా, తెరిచాను. వచ్చింది. జూలైలో, మద్రాసు నుంచి. పక్కనే — ప్రార్థన పెట్టెలో వేయబడింది.

వేసింది నేను. నేను రాసిన రూలు. ఆస్పత్రి పేరుతో వచ్చేవన్నీ పైదేశాల క్రైస్తవ సంఘాల నుంచే గదా, మా అమ్మ కోసం ప్రార్థించండి, మా బిడ్డ కోసం ప్రార్థించండి అని. అందుకే అవన్నీ నేరుగా ప్రార్థన గదిలోని కంప్యూటర్‌కు పోయేట్టు పెట్టాను. అక్కడ టైపిస్టు ప్రింటు తీస్తాడు, సంగతి తెలుగులో చెబుతాడు, ప్రార్థన నడిపే కరుణమ్మ పేర్లు బోర్డు మీదికి ఎక్కిస్తుంది. పొద్దున్నే డ్యూటీకి ముందు అందరం ఆ పేర్ల కోసం ప్రార్థనకు నిలబడతాం.

పరుగెత్తాను. బోర్డు మీద నాలుగో పేరు. దానమ్మ, వరికుంటపాడు, కేన్సరు.

సుద్ద వెలిసిపోయింది. అంత పాతది.

ఆ పేరు నా చెవిన పడుతూనే ఉంది. ఇక్కడ దానమ్మలు వీధికొకరు. కళ్ళు మూసుకొని, మోడెం గురించి ఆలోచిస్తూ — ఆమెన్ అన్నాను. రోజూ.

అదే రోజు, సాయంత్రం

కరుణమ్మ తెల్లబోయింది. "ఆమెకు తెలిసే ఉంటాదనుకున్నా గదమ్మా! ఆస్పత్రికి తెలీకుండా మా దాకా ఎట్ల వస్తాది? పాపం ఆమె పేరున ఒకరోజు ఉపాసం గూడా ఉన్నాం."

ఆమె తర్కంలో తప్పు లేదు. మనసులో అంతకన్నా లేదు.

సూపరింటెండెంటు గారికి చెప్పాను. "లైన్లు బాలేవు, ఆలస్యమైంది అని చెప్పండి చాలు. అబద్ధమేం కాదు గదా మేడం."

లైన్లు నిజంగానే బాగాలేవు.

ఆగస్టు 11, మంగళవారం

రూలు మార్చాను. నిమిషం పట్టలేదు.

ఎస్తేరుకు చెప్పాను. "అక్కా, నేనే ఇంక రావద్దన్నాను ఆమెను. రిపోర్టు వస్తే కబురు పెడతాం, ఇంటికాడ నిమ్మళంగా ఉండమన్నాను..."

ఆగస్టు 12, బుధవారం. ఎస్తేరుతో వరికుంటపాడు వెళ్ళి వచ్చాక

దానమ్మకు అప్పటికే తెలుసు.

ఆమె చిన్నమ్మ కూతురు ఆత్మకూరు ఆస్పత్రిలో ఊడ్చే పని చేస్తుందట. నిన్న ఏదో పని మీద వచ్చి, "నీకోసరం రోజూ ప్రార్థన చేస్తా ఉండారక్కా" అని చెప్పిందట, సంతోషపడుతుందనుకొని.

దానమ్మ చేటలోంచి తల ఎత్తలేదు. "నాకే తెలీని రోగానికి మీరందరూ దేవుణ్ణి అడగతా ఉండారంట. మంచిదే. మరి నేనేం అడగాలమ్మా?"

ఎస్తేరు ఏడ్చేసింది. నేను లైన్ల మాట నోటి దాకా తెచ్చుకొని మింగేశాను. జాబు తప్పు పెట్టెలోకి పోయిందనీ, ఆ పెట్టె నేను పెట్టిందేననీ చెప్పాను.

"నీ కంప్యూటరుకు నోరు ల్యా. నీకుండాది గదా. పేరు చదివినోళ్ళు ఇంతమంది ఉండారే, ఒక్కరన్నా బస్సెక్కి రాకూడదా?"

ఆమె భర్త మాత్రం ఒకటే అడిగాడు. "ఇప్పుడు పోయినా పనయితాదా మేడం?"

నాకు తెలియదు. అదే చెప్పాను.

ఆగస్టు 14, శుక్రవారం

ఇద్దరూ మద్రాసు బస్సెక్కారు. సూపరింటెండెంటు గారు అక్కడి డాక్టర్‌కు చీటీ రాసిచ్చారు. లైన్ల మాట చెప్పనందుకు నాతో మాట్లాడడం లేదు. సరే.

ఎక్కబోతూ దానమ్మ — "ఈసారి ఏది వచ్చినా ముందు నాకు తెలియాల. మీ దేవుడి కంటే ముందు."

ఆగస్టు 22, శనివారం

తిరిగి వచ్చారట. ఇంకేవో పరీక్షలు చేశారు. పాకిందో లేదో అవి వస్తేనే తెలుస్తుందట. అది తెలిస్తేగాని ఆపరేషన్ మాట ఎత్తరట.

ప్రార్థనకు వెళ్తున్నాను. కళ్ళు మూయడం లేదు.

సెప్టెంబరు 1, మంగళవారం

వచ్చింది. పొద్దున లాగ్‌లో చూశాను. మద్రాసు నుంచి, ఎస్తేరు పెట్టెలోకి. సరిగ్గా రావలసిన చోటికే.

ఉదయగిరి లైన్ నిన్నటి గాలివాన నుంచి చచ్చి ఉంది. ఫోన్ లేదు, మోడెం లేదు.

"తెరిచి చూస్తే పోలా మేడం? ఏముందో తెలిస్తే మనిషిని పంపిద్దాం." సూపరింటెండెంటు గారు. ఇన్నాళ్ళకు మాట్లాడారు. ఆయన అన్నదీ సబబే. కానీ మాటిచ్చాను. ఇచ్చానా? ఆమె అడిగింది, నేను కాదనలేదు.

తెరవకుండా ఎస్తేరు పెట్టె మొత్తం ఫ్లాపీలోకి ఎక్కించాను. ఫ్లాపీలను నమ్మలేం గనక ఇంకో దాంట్లోకీ. రుమాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఉదయగిరిలో ఎస్తేరును, ఫ్లాపీ చదవగల కంప్యూటర్‌ను, వరికుంటపాడు నుంచి దానమ్మను — అందరినీ ఒకచోట చేర్చాలి.

ఇది బస్టాండులో రాస్తున్నాను. డ్రైవరు ఇంకా టీ తాగుతున్నాడు. ఇప్పుడే తట్టింది... రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. దానమ్మ చదవలేదు. ఎస్తేరుకు ఆ మాటలు సగమే అర్థమవుతాయి. ఎంత చేసినా ఆమె కంటే ముందు చదివేది నేనే. చదువుతున్నంతసేపూ ఆమె తెర వైపు చూడదు, నా ముఖం వైపు చూస్తుంది.