వాలేలేవు ఫ్లాటుకు కరివేపాకు పిలక

వదినకు అమ్మణి నమస్కారం. ఇక్కడ అందరం కులాసా. ఈ కార్డు దారిలో ఎవరి కంట పడినా అర్థం కాకూడదని తెలుగులోనే రాస్తున్నాను.

ఈ దీవిలో, పట్నం పక్క వాలేలేవులో ఒక ఫ్లాటు చూశాం. పన్నెండు ఇళ్లకూ కలిపి ఒకటే పచ్చిక, దాని పోషణకు నెలనెలా అసోసియేషన్ ఫీజు. మా ఆయన అప్పుడే సంతకానికి తయారు. నాకే నమ్మకం కుదరలేదు. కరివేపాకు మొక్క పెట్టుకోవచ్చా అని సెక్రటరీ బిజేంద్రను అడిగాను. “నహీ దీదీ, ఈ గడ్డి సబ్‌కే హై. అందరిదీ గనక ఎవరూ ఏమీ నాటకూడదు” అన్నాడు. సరే అని వెనక్కి వెళ్లి చూద్దును కదా, అతని వంటింటి కిటికీ కింద డాలో చేమదుంపల మొక్కలు రెండు వరసలు! అడిగితే వాటంతటవే మొలిచాయట.

అన్న మోకాలు ఎలా ఉంది? చెరకు కోత మొదలైందా? పిల్లలకు నా దీవెనలు.

మన ఊరు వాయిలేవు నుంచి స్టీమరులో ఈ దీవికి ఎవరొచ్చినా మనింటి కరివేపాకు పిలక ఒకటి వేళ్లతో సహా పంపు. ఆ డాలో పక్కనే నాటుతాను. నెల దాకా ఎవరూ పీకకపోతేనే సంతకం. బిజేంద్ర అడిగితే, దానంతటదే మొలిచిందంటాను.

అమ్మణి