దారిలో దొరికిన బాణీ

పోర్ట్‌నాకిల్,
మార్చి 20, 1979

ప్రియమైన తమ్ముడు కోనల్‌కి,

అక్క రాస్తున్నది. జైల్లో ఉత్తరాలు విప్పి చదువుతారన్నావు. చదువుకోనీ. ఐదు నెలలుగా నా ఉత్తరాల్లో ఆవు ఈనింది, వాన కురిసింది తప్ప మరో ముక్క లేదు. పాపం ఆ వార్డరుకీ విసుగెత్తి ఉంటుంది. ఇవాళ అతనికి పని పెడతాను.

మొన్న పాట్రిక్ పండగకి మన సంగీత సంఘం మళ్ళీ కచేరీ పెట్టింది. ఆ గొడవ తర్వాత ఇదే మొదటిది. స్కాట్లండ్ నుంచి పాడటానికి ఒకావిడ, సముద్రం అవతల బ్రిటనీ నుంచి బాకాలు ఊదటానికి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. గుమ్మంలో టికెట్లు చింపే బ్రైడీ పెద్దమ్మ చెవులు మూసుకుని, "వీళ్ళు కచేరీకొచ్చారా, మన హాలు కప్పు లేపడానికొచ్చారా?" అంది. నవ్వాను. ఆ రోజు వేదిక మీద పడ్డ నెత్తురు మరకని చాపతో కప్పారు, సోడా వేసి ఎన్నిసార్లు తోమినా చెక్కలోంచి పోలేదు. ఆ చాప మీద నిలబడే మీ బావ మానస్ అధ్యక్షోపన్యాసం చేశాడు. మనమూ స్కాట్లండూ బ్రిటనీ, కెల్టిక్ జాతి వాళ్ళమంతా ఒక్క తల్లి బిడ్డలమట, సంగీతం ఉన్నచోట పగలుండవట. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కోనల్, నీకు చెప్పాల్సింది ఇది. ఫింటన్ మన నాన్న బాణీని దొంగిలించలేదు. నేనే ఇచ్చాను.

వచ్చిన కళాకారులని హోటల్లో దింపే స్తోమత మన సంఘానికి ఎప్పుడుంది? కమిటీ వాళ్ళు ఇంటికొకరిని పంచుకోవడం నాన్న రోజుల నుంచీ ఉన్నదే. కిందటి అక్టోబరులో క్లేర్ జిల్లా నుంచి వచ్చిన ఫిడేలు ఫింటన్ మా వంతుకి వచ్చాడు. పొద్దున్న మానస్ పశువుల సంతకి వెళ్ళాడు. నేను రొట్టెకి పిండి కలుపుతూ, తెలియకుండానే నాన్న బాణీ కూనిరాగం తీస్తున్నాను. అమ్మ సమాధి దగ్గర నాన్న వాయించినది, మళ్ళీ ఏ వేదిక మీదా వాయించనన్నది. ఫింటన్ ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, వెనక నుంచి ఫిడేలు మెల్లగా నా గొంతు పట్టుకుని నడిచింది. నా ఫిడేలు అమ్మేశానని నీకు చెప్పాను కదూ? అబద్ధం. పెళ్ళయిన ఏడాదికే మానస్ దాన్ని నా కళ్ళ ముందు పొయ్యిలో పెట్టాడు. తొమ్మిదేళ్ళ తర్వాత నా నోట్లోని సంగీతాన్ని ఒక మనిషి విన్నాడు, తమ్ముడూ. మూడు వరసలూ నేర్పాను. అంతకు మించి ఏమీ లేదు, చెయ్యి కూడా తగల్లేదు. మనసులో ఏముందంటావా, ఉంది. అది నా సొంతం.

నా పేరు మాత్రం చెప్పొద్దని బతిమాలుకున్నాను. "అదేంటండీ! ఎవరిచ్చారో చెప్పకుండా బాణీ వాయిస్తే మా ఊళ్ళో కుర్చీలు విసురుతారు," అన్నాడు. "మా ఊళ్ళోనూ విసురుతారు. అయినా చెప్పకండి," అన్నాను. ఎందుకో చెప్పలేదు. నా మొహం చూసి అతనూ అడగలేదు.

అందుకే ఆ రాత్రి వేదిక మీద "ఇది నాకు దారిలో దొరికింది" అన్నాడు. ప్యాకీ బాయిల్ బాణీ, ప్యాకీ కట్టించిన హాల్లో, ప్యాకీ కొడుకు వింటూ ఉండగా! ఇంకేం కావాలి? నువ్వు వేదిక ఎక్కి "ఎవరి దగ్గర నేర్చుకున్నావ్?" అని మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ అతను నా మాట నిలబెట్టాడు. తర్వాత జరిగింది నీకు తెలుసు. ముక్కు బద్దలైంది, ఎడమ చేతి వేళ్ళు మూడు ఇక వంగవు. కోర్టులో అతన్ని దొంగ అన్నప్పుడు కూడా నోరు విప్పలేదు. నేను రెండో బెంచీలో కూర్చుని చేతి తొడుగులు నలుపుకుంటున్నాను. పక్కన మానస్ ఉన్నాడు.

ఇక దాచడం దేనికి, మానస్ నన్ను కొడతాడు. పండగ రాత్రి ఆ స్కాట్లండ్ ఆవిడ నాన్న గురించి అడిగితే రెండు మాటలు చెప్పాను. ఇంటికొచ్చాక, "మళ్ళీ ఎవరికి పంచుతున్నావే మీ నాన్న ఆస్తి?" అంటూ నా ఎడమ చేతిని బల్ల అంచున పెట్టి కిందకి నొక్కాడు. ఎండుకర్ర విరిగినట్టు చప్పుడైంది. నేను అరవలేదు, ఆ చప్పుడు నాదేనని తెలియడానికే కొంచెం సేపు పట్టింది. కట్టు కట్టారు. రాసేది కుడి చేత్తో కాబట్టి బతికిపోయాను.

మే నెలలో మళ్ళీ కచేరీ ఉంది. వేదిక ఎక్కి అందరి ముందూ చెబుతాను, అతను దొంగ కాదు, ఆ బాణీ నేనిచ్చానని. నా మౌనానికి ఒక మనిషి చెయ్యి పోయింది, నీకు మూడేళ్ళు పడ్డాయి. నువ్విక నా మొహం చూడనన్నా అనడానికేం లేదు.

నీ పాపిష్టి అక్క,
డింప్నా

*

జైలు,
ఏప్రిల్ 8

అక్కా,

ఈ ఉత్తరం ఫాదర్ గారి చొక్కా లోపల బయటికి వస్తోంది. ఆయన దేవుడికి ఏం సమాధానం చెప్పుకుంటాడో ఆయనిష్టం. నీ ఉత్తరం మాత్రం వార్డరు చదివాడు. తెచ్చిస్తూ, "మీ బావ ఎప్పుడైనా ఏదైనా కేసులో ఇక్కడికొస్తే నా వార్డులో పడెయ్యమని అడుగుతా," అన్నాడు. మంచివాడే.

నేను నీ మొహం చూడకపోవడం ఏమిటే! బాణీ ఇచ్చింది నువ్వేనని నాకు తెలుసు. మూడో వరస మలుపులో ఒక చిన్న ఊపిరి తీసుకుంటావు చూడు, నాన్న అలా చేసేవాడు కాదు, నువ్వే చేస్తావు. ఫింటన్ ఫిడేలు కూడా అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. కానీ తాగి ఉన్నాను. మొదటి దెబ్బ కొట్టాక గాని బుర్రకి ఎక్కలేదు. ఎక్కాక కూడా రెండో దెబ్బ ఆగలేదు. నా పిడికిలి కింద అతని ముక్కు మెత్తగా అయిపోవడం ఇప్పటికీ వేళ్ళకి తెలుస్తూనే ఉంది. ఆ పాపం నాది, నాకు పడాల్సిందే.

కానీ ఆ చెయ్యి నేను విరగ్గొట్టలేదు.

రెండో దెబ్బకి అతను వెల్లకిలా పడ్డాడు. కళ్ళ నిండా నెత్తురు, ఏమీ కనబడట్లేదు. జనం మీద పడి నన్ను వెనక్కి లాగుతున్నారు. మానస్ మమ్మల్ని విడదీసేవాడిలాగా మధ్యలోకి వచ్చాడు. ఫింటన్ ఎడమ చెయ్యి చెక్క మీద తెరిచి ఉంది. మానస్ కిందకి చూశాడు, చూసే బూటు మడమ దాని మీద పెట్టాడు. సిగరెట్టు ఆర్పినట్టు అటొకసారి ఇటొకసారి తిప్పాడు. ఎముకలు నలిగిన చప్పుడు నేను విన్నాను. బాణీ ఎవరిచ్చారో వాడికీ తెలిసిపోయిందన్నమాట. ఆ చెయ్యి కాదు వాడు తొక్కింది, నిన్ను.

మర్నాడు పోలీసు స్టేషనుకి సిగరెట్లు పట్టుకొచ్చాడు. "నీకు ఎలాగూ పడుతుంది, అదేదో నువ్వే చేశానని ఒప్పుకో. నేను లోపలికి పోతే మీ అక్క గతేంటి? ఒప్పుకున్నావా, మా అమ్మ సమాధి మీద ఒట్టు, ఇక జన్మలో దాని మీద చెయ్యి వెయ్యను," అన్నాడు. వాడు నిన్ను కొడతాడని నాకు ఎప్పటినుంచో తెలుసు. నీ మెడ మీద వేళ్ళ గుర్తులు రెండేళ్ళ కింద చూశాను. చూసి, బీరు తాగడానికి పోయాను. ఆ సిగ్గుకి మూడు నెలల శిక్షని మూడేళ్ళు చేసుకోవడం నాకు చౌకబేరంలాగే కనబడింది. నాలాంటి వెధవకి బేరాలెందుకు?

ఇక బేరం లేదు. వాడు నీ చెయ్యి విరిచాడని చదివి తలని గోడకేసి కొట్టుకున్నాను, మూడు కుట్లు పడ్డాయి. నువ్వు వేదికెక్కి సగం నిజం చెప్పొద్దు. ఎవరి చేతిని ఎవరు తొక్కారో కూడా చెప్పు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళలో చూసినవాళ్ళు ఉన్నారు. బ్రైడీ పెద్దమ్మ ఖాయంగా చూసింది, కళ్ళు మూసుకోవడం నేను చూశాను. లేదా ఏమీ చెప్పకుండా ఆ ఇంట్లోంచి పారిపో. రెండింటిలో ఏది చేసినా సరే. ఆ ఇంట్లో మాత్రం ఉండకు.

నీ తమ్ముడు,
కోనల్

*

పోర్ట్‌నాకిల్,
మే 14, 1979

నా బంగారు కోనల్‌కి,

ఈసారి నువ్వు కూర్చుని చదువు. నాకు కింది పెదవి చీలింది, ముందు పన్ను ఒకటి లేదు, అయినా ఇన్నేళ్ళలో ఇంత హాయిగా ఎప్పుడూ లేను.

శనివారం కచేరీకి హాలు నిండిపోయింది. మానస్ ఉపన్యాసం ముగించి కిందకి దిగుతుంటే నేను పైకెక్కాను. టీ గురించి ఏదో చెబుతాననుకుని జనం నవ్వు మొహాలతో చూశారు. "ప్యాకీ బాయిల్ బాణీని ఫింటన్‌కి నేర్పింది నేను. నా పేరు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేను. అతని చేతిని బూటుతో నలిపింది నా తమ్ముడు కాదు, నా మొగుడు," అన్నాను. ఇంటి దగ్గర ఆవుకి వందసార్లు చెప్పి ప్రాక్టీసు చేశానులే, అందుకే తడబడలేదు.

మానస్ నవ్వుతూ తిరిగొచ్చాడు. "మా ఆవిడకి ఒంట్లో బాలేదండీ," అని, కట్టు విప్పిన చేతినే పట్టుకుని మెలిపెట్టాడు. "నాకు బాగానే ఉంది. వదులు," అన్నాను. అప్పుడు కొట్టాడు. మొదట అరచేత్తో, తర్వాత పిడికిలితో. పన్ను నాలుక మీద పడింది. ఇంట్లో అయితే అక్కడితో కింద కూర్చుండిపోయేదాన్ని. రెండొందల మంది, కోనల్. నాకు ఓనమాలు నేర్పిన టీచరమ్మ, నాన్న శవపేటిక మోసిన వాళ్ళు, ఒక్కరూ లేవలేదు. మూడో దెబ్బకి చెయ్యి ఎత్తాడు.

పక్కన కచేరీవాళ్ళ ఇనప కుర్చీ ఉంది. ఎత్తి వాడి మోకాలి మీద కొట్టాను. వాడు అరుచుకుంటూ వేదిక మీంచి కిందపడ్డాడు. నేనూ దిగాను. అక్కడితో ఆపొచ్చు. వాడు నన్ను చూసి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అచ్చం నేను పెట్టుకున్నట్టే. అయినా భుజం మీద ఇంకొకటి వేశాను. భుజం ఎముక విరిగింది. నువ్వు రాసింది నిజం, రెండోది ఆగదు. దాని గురించి నేను గొప్పలు పోవడం లేదు.

కబురు విని వచ్చిన పోలీసు సార్జెంటు పుస్తకం తీసి ఏం జరిగిందన్నాడు. బ్రైడీ పెద్దమ్మ ముందుకొచ్చి, "మెట్టు జారి పడ్డాడు బాబూ. నా కళ్ళారా చూశా," అంది. వెనక నుంచి ఇంకొకాయన, "అవునండీ, ఆ మెట్టు అసలే పాడు," అన్నాడు. టీచరమ్మ తలూపింది. చూస్తుండగానే హాలు హాలంతా ఒక్కటై, మానస్‌ని మెట్ల మీంచి జార్చేశారు. నాకు ఏడుపు రావాల్సింది నవ్వొచ్చింది. ఈ తొమ్మిదేళ్ళూ నేను కళ్ళు వాచి కనబడ్డప్పుడల్లా వీళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నారు, డింప్నా పాపం మెట్టు జారిందట అని. మా ఇంటికి ఉన్నది ఒక్క మెట్టు. ఇవాళ ఆ దయే నాకు చేస్తున్నారు. నిజంగా దయేరా, కాదనను. ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు, ఇంటికెళ్ళి పడుకోవచ్చు.

"జారలేదు సార్జెంటు గారూ. నేను కుర్చీతో కొట్టాను. రెండుసార్లు," అన్నాను.

ఆయన పుస్తకం మూసి దగ్గరికొచ్చాడు. "ఏంటమ్మా, ఇంతమంది జారాడంటుంటే నీకేం నొప్పి?"

"ఇవాళ ఇతను జారాడని రాస్తే, తొమ్మిదేళ్ళు నేను కూడా జారినట్టే. ఫింటన్ చెయ్యి బూటు కిందకి జారినట్టే. మా తమ్ముడు జైల్లోకి జారినట్టే. రాసుకోండి, కొట్టింది నేను. ఎందుకు కొట్టానో అది కూడా రాసుకోండి."

ఆయన రాయలేదు. బ్రైడీ పెద్దమ్మ టికెట్ల బల్ల దగ్గరికి వెళ్ళి కూలబడి, ముసుగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత, "రాయవయ్యా, కలం లేదా? ఆ బూటు నేను చూశాను. ముందు వరసలో మేం ఆరుగురం చూశాం. అడుగు, ఎవరు కాదంటారో నేనూ చూస్తా," అంది. కాదన్నవాళ్ళు లేరు. ఆరుగురిలో నలుగురు ఆ రాత్రే సంతకం పెట్టారు.

ఇప్పుడు బ్రైడీ పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నాను, ఆవుని కూడా తోలుకొచ్చాను. వకీలు నీ కేసు మళ్ళీ తెరిపిస్తానంటున్నాడు. ముక్కు సంగతి మాత్రం నీ ఖాతాలోనే ఉంటుందట, ఉండనీ. ఫింటన్‌కి రాశాను, జవాబు రాలేదు. రాకపోయినా అడిగే హక్కు నాకు లేదు. మానస్ ఆస్పత్రి నుంచి నా మీద కేసు పెట్టాడు. రెండు నెలలు పడొచ్చు, ఆరు పడొచ్చు అన్నాడు వకీలు. భయంగానే ఉంది, లేదని నీకెందుకు అబద్ధం చెప్పాలి? కానీ కోనల్, కోర్టు కాగితం మీద ఎవరు చేశారన్నచోట నా పేరు రాసి ఉంది, అది నిజం. నా కోసం దాన్ని ఎవరూ ఒప్పుకోవద్దు. నువ్వు అసలు వద్దు.

నీ అక్క,
డింప్నా బాయిల్