నా కుర్చీ నా కూతురికి రాకూడదు

లైఫ్ కోచ్ వృత్తిలో ఉన్న నేను, మతి స్థిమితంగా, జ్ఞాపకం చెదరకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. ఒత్తిడి లేదన్న మాట ఈ పూటకి నిజం. ఆస్తి దక్కే మనిషి గదిలో ఉండకూడదని లాయరుగారు మా వారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆయన వినకుండా నేను నోరు విప్పి చాలా ఏళ్లయింది.

1. దీని అమలు బాధ్యత నా మొదటి క్లయింటు పళ్ల డాక్టరమ్మకు అప్పగిస్తున్నాను. మొదటి రోజు ఆవిడ "నేనేం చెయ్యాలో మీరే చెప్పండి" అని ఒకటే బతిమాలింది. నేను చెప్పలేదు. వెళ్లేటప్పుడు తనకు తనే చెప్పుకుని వెళ్లింది. నా నమ్మకం అదే: ఎవరి జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది, దాన్ని బయటికి రానివ్వడమే నా పని. సలహా చెప్తే నా బతుకు తీసుకెళ్లి వాళ్ల నెత్తిన పెట్టినట్టే. ఇన్నేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు.

2. మందుల షాపు పైనున్న ఆఫీసు గది, బోర్డు, రెండు కుర్చీలు, వచ్చే నెల బుకింగులు మా వారికి చెందాలి. తలుపు పక్కన ఉన్న కుర్చీ క్లయింటుది. లేచి వెళ్లాలనిపిస్తే నన్ను దాటక్కర్లేదు. నాది గోడ మూల. నేను బయటికి రావాలంటే ముందు క్లయింటు లేవాలి, తరవాత ముందు గదిలో మా వారి బల్ల దాటాలి. నమ్మకం కొద్దీ అలా అమర్చింది నేనే. "ఆరు వారాల్లో కొత్త మనిషి" అని బోర్డు మీద రాయించింది మాత్రం ఆయన. ఆ మాట నేనెవరికీ ఇవ్వలేదు. గుండె డాక్టరు పని తగ్గించమంటే, "ఆదివారమైతే జనం తక్కువలే" అని ఆదివారాలు కూడా తెరిచారు.

3. మా ఆడపడుచుకు గోడ గడియారం. పెళ్లయిన నాటి నుంచి నన్ను "కుడితిలో పడ్డ బల్లి" అంటుంది. ఊరందరికీ శకునాలు చెప్పి, నా సంగతి నేను చూసుకోలేనట. ఒళ్లు మండేది. ఇప్పుడా మాట తప్పనలేను, అందుకే ఇస్తున్నాను. గడియారం పది నిమిషాలు వెనక నడుస్తుంది, ఆ సంగతి ఆవిడకు చెప్పనక్కర్లేదు.

4. మెట్లు కడిగే అవ్వకు నా ఉన్ని శాలువా, టేబుల్ ఫ్యాను. లోపల ఎవరైనా ఏడుస్తుంటే, ఎవరూ చెప్పకుండానే బకెట్టు కింద పెట్టి ఆగేది.

మరి నువ్వెందుకు బయటపడలేదని ఎవరైనా అడుగుతారు. నన్ను నేనూ అడిగాను. "ఈ వయసులో ఎక్కడికి పోతావే" అని వచ్చింది జవాబు. క్లయింటు జవాబు ఏదైనా గౌరవించాలి కదా, దీన్నీ గౌరవించాను.

5. నా నగలు, బ్యాంకులో నా పేరున ఉన్నదంతా నా కూతురికి. ఆ ఆఫీసుకు సంబంధించిన పూచికపుల్ల కూడా దానికి దక్కకూడదు. కోపం ఉండి కాదు. బోర్డు మీద నా పేరు కింద దాని పేరు రాయమని మా వారు పెయింటరుకు చెప్పేశారు. దానికేమో వేరే ఊళ్లో లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. మొన్న వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నన్నేం చెయ్యమంటావు?" అంది. మా వారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "నీకేమనిపిస్తోందమ్మా?" అన్నాను. అన్నది నా నమ్మకమో, నా భయమో నాకే తెలియలేదు. అది కాసేపు నా ముఖంలోకి చూసి వెళ్లిపోయింది.

6. ఈ ఆరో క్లాజు నేను పోయేదాకా ఆగకూడదు. "వీలునామా అలా పనిచెయ్యదమ్మా" అంటున్నారు లాయరుగారు. అయినా రాయమన్నాను. దీని నకలు పళ్ల డాక్టరమ్మ ఈ సాయంత్రమే నా కూతురి చేతికివ్వాలి.

తల్లీ, ఎవరికీ చెప్పనిది నీకు చెప్తున్నాను. ఆ కుర్చీలో కూర్చోకు. ఆదివారం బండికి వెళ్లిపో. నాన్న ఏడుస్తారు. నాకు ఒంట్లో బాగాలేదని కబురు పెడతారు, అది నిజమే అయినా రాకు. వెళ్లేముందు నన్ను అడగడానికి రావద్దు. ఆయన పక్కనే ఉంటారు, నేను మళ్లీ నీకేమనిపిస్తోంది అనే అంటాను.

తేదీ: నవంబరు పద్నాలుగు, శుక్రవారం.

(సంతకం)
వీలునామా రాయించిన మనిషి

సాక్షులు:
1. (సంతకం) ఎదురుగా జిరాక్సు షాపు నడిపే ఆయన
2. (సంతకం) లాయరుగారి టైపిస్టు