పదహారు ముక్కల లెక్క

నాన్నా,

కూర పొయ్యి మీద ఉంది, వేడి చేసుకుని తిను. రెండింటికి కంట్లో చుక్కలు వేసుకోవడం మర్చిపోకు.

చెల్లికి ఈరోజు చిక్కులెక్క రాసి దాని పుస్తకంలో పెట్టాను. దాని జోలికి నువ్వు వెళ్లకు. వారం నుంచీ నాకు అనుమానంగానే ఉంది. అడిగితే అది "ఒట్టక్కా, నేనే చేశాను" అంటూ నీ కుట్టుమిషను వైపు చూస్తుంది. నువ్వేమో "టేపు మీద అంకెలు తప్ప నాకేం తెలుసమ్మా" అంటావు.

పదహారు మీటర్ల గుడ్డను మీటరు ముక్కలు చేయాలంటే ఎన్నిసార్లు కత్తిరించాలని నిన్న అడిగాను. పదిహేను అని రాస్తుందనుకున్నాను. నాలుగు అని రాసింది. ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ప్రతిసారీ సగానికి కత్తిరిస్తే నాలుగుసార్లు చాలని దానికెలా తెలుసు? అదెప్పుడైనా కత్తెర పట్టిందా?

శనివారం స్కూల్లో ఫ్రీ సీటు కోసం పరీక్ష. అక్కడ దాని పక్కన నువ్వుండవు. నీ గారాబంతో దాని సీటు పోతుంది నాన్నా.

ఇంకో మాట. డిగ్రీ చదివిన నాకు ఆ నాలుగు తట్టలేదు. మిషను సొరుగులో నీకు వేరే లెక్క పెట్టాను. జవాబు నీ పేరుతోనే రాయి.