జిరాఫీ కొలత

మా బొమ్మల పంతులమ్మకు,

నీ దర్జీ దీవించి రాయునది. దీవించేంత పెద్దరికం నాకు లేదని నీకూ తెలుసు, కానీ ఉత్తరం అలా మొదలైతేనే మా అమ్మ ఊరుకుంటుంది. ఇక్కడ అమ్మా, నేనూ, చిట్టీ లేచి తిరుగుతూనే ఉన్నాం. నువ్వు కూడా వేళకి తింటూ, కళ్లు పాడుచేసుకోకుండా బొమ్మలు గీస్తున్నావనుకుంటాను. ఫోను ఉండగా ఈ ఉత్తరమేంటి అంటావేమో. ఫోను మోగితే ముందు చిట్టే లాక్కుంటుంది. దాని ఎదురుగా చెప్పలేని మాట ఒకటుంది.

చిట్టికి కత్తెర పట్టుకోవడం వచ్చిందా అని అడిగావు. వచ్చింది, నా ప్రాణం మీదికి వచ్చింది. నువ్వు గీసి పంపే కాగితాల్లో చుక్కల గీత వెంట కత్తిరించమని ఉంటుందిగా. బ్యాంకు మేనేజరు చొక్కాకి జేబు ఎక్కడ పెట్టాలో గుర్తుగా నేనూ సుద్దతో చుక్కలు పెట్టుకున్నాను. అన్నం తిని వచ్చేసరికి చొక్కా గుండె దగ్గర జేబంత కిటికీ తెరిచి ఉంది. "గీత దాటలేదు నాన్నా, చూడు" అంటూ పైగా నాకే చూపించింది. నిజంగానే దాటలేదు.

పులి ముసుగు ఎలా వచ్చిందన్నావు. ప్రింటు తీసే షాపులో రంగు అయిపోయి పులి తెల్లగా వచ్చింది. ముసలిపులి అని పేరు పెట్టి తీసుకెళ్లి నాయనమ్మ మొహానికి కట్టింది. అమ్మ ఆ మొహంతోనే కూరగాయలవాడితో బేరమాడింది. వాడు తగ్గించాడు కూడా.

ఇక చివరి ప్రశ్న. "జిరాఫీ మీద చిట్టి ఎత్తు ఎంతదాకా వచ్చింది? పెరుగుతుంటే ఇంకో ఏడాది ఇక్కడే ఉంటానని సంతకం పెడతాను, లేదంటే వచ్చేస్తాను" అని రాశావు. నెలాఖరులోగా మీ ఆఫీసుకి చెప్పాలన్నావు. దీనికి జవాబు రాయడానికే కూర్చున్నాను. చేతకాక ఇంతసేపూ పులి చుట్టూ తిరిగాను.

నువ్వు వెళ్లేముందు డాక్టరమ్మ ఏమందో గుర్తుందిగా. చిట్టికి వయసుకి తగ్గ ఎత్తు లేదు, ఆరు నెలలు చూద్దాం, అప్పటికీ కదలకపోతే ఆలస్యం చేయకుండా తీసుకురండి అంది. సరిగ్గా గడువు దగ్గరపడిన రోజుల్లోనే నువ్వు గీసిన ఎత్తు కొలిచే జిరాఫీ వచ్చింది. వీధి చివర షాపులో అయిదు కాగితాలూ తీయించి, అంచులు కత్తిరించి, ఒకదానికొకటి అతికించి గోడకి పెట్టాను. చిట్టిని నిలబెడితే ఆస్పత్రిలో రాసిన కొలతకంటే మూడు వేళ్లు ఎక్కువ వచ్చింది. "ఇంక నన్ను చిట్టి అని పిలవకండి" అని ఇల్లంతా చాటింపు వేసింది. ఫోనులో నువ్వు ఏడ్చావు, నేనూ ఏడ్చాను. ఎదుగుతున్న పిల్లకి ఆస్పత్రి ఎందుకులే అని ఊరుకున్నాను.

పోయిన వారం బడికి కొత్త గౌను కుట్టాను, ఆ మూడు వేళ్లూ కలుపుకుని. వేస్తే పాదాల మీద పడింది. "నువ్వు కుట్టడం మర్చిపోయావు నాన్నా" అని నవ్వింది. పాత గౌను తీసి వేసి చూశాను. నిరుడు ఎక్కడికి ఉందో అక్కడికే ఉంది. నా టేపు సాగిపోయిందేమోనని పక్క కొట్లో టేపు అడిగి తెచ్చి జిరాఫీని కొలిచాను. కాగితం మీద వంద ఉన్నచోట టేపు మీద తొంభై అయిదే ఉంది.

షాపు అతన్ని అడిగితే, "బొమ్మ అంచులు తెగిపోతాయని కొంచెం కుదించి పేజీకి సరిపెట్టి తీశానన్నా, అందరికీ అలాగే తీస్తాను" అన్నాడు. అతన్ని ఏమనను. నీ గీతలోనూ తప్పు లేదు. ప్రతి కాగితం మూలనా చిన్న గీత గీసి, "ఇది పది సెంటీమీటర్లు ఉందో లేదో ముందు కొలిచి చూడండి" అని నువ్వు రాశావు. మెడలో టేపు వేసుకుని బతికేవాణ్ణి, ఆ ఒక్క గీత కొలవలేదు. అంచులతోపాటు దాన్నీ కత్తిరించి పారేశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మర్నాడే ఆస్పత్రికి పరిగెత్తాను. చేతి ఎముకలు ఫొటో తీశారు, రక్తం తీశారు. మొన్న పిలిచి చెప్పారు. ఒంట్లో పెరగడానికి కావలసింది తయారవడం లేదట. రోజూ సూది వేయాలి, అదీ ఇంట్లో మనమే, ఏళ్ల తరబడి. "ఎంత పెరుగుతుందండీ?" అన్నాను. "మొదలుపెడదాం, చూద్దాం. మాట ఇవ్వలేను" అంది డాక్టరమ్మ. నర్సు నారింజపండు మీద నేర్పించింది. పండుకి వేశాను. చిట్టి తొడ దగ్గరికి వచ్చేసరికి వేలు కదల్లేదు. రోజంతా సూదితో బతికే చెయ్యి ఇది. అమ్మ ఏడుస్తూ దాన్ని పట్టుకుంది, నేను ఏడుస్తూ దాన్ని పొడిచాను. అది మాత్రం మా ఇద్దర్నీ చూసి బెదిరిపోయి, "నాకేం నొప్పి లేదులే" అంది.

జిరాఫీని సరైన కొలతతో మళ్లీ తీయించాను. అంటించడానికి చేతులు రావడం లేదు. అంటించానంటే చిట్టి ఒక్క పూటలో పొట్టిదైపోతుంది. పాతదాని దగ్గర రోజూ నిలబడి, "అమ్మ వచ్చేసరికి నన్ను గుర్తుపట్టదు కదా" అంటుంది. పిల్లలకి ఏది ఎలా చెప్పాలో చదువుకున్నది నువ్వు.

నీ ప్రశ్నకి జవాబు, పెరగలేదు. నువ్వు వస్తే పెరుగుతుందని అబద్ధం చెప్పను. నువ్వొచ్చినా ఆ సూది తప్పదు, ఆ గౌను పొట్టి కాదు. అయినా వచ్చెయ్.

ఇట్లు,
దాని నాన్న